భక్తుడంటే భాగస్తుడు



ఏ పండుగ జరిగినా మరునాటి దినపత్రికలో ఒక మాట తప్పక కనిపిస్తుంది. "భక్తులు పోటెత్తారు" అని రాస్తారు. మహాశివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతర జరిగినా, డిసెంబరు 25న మెదక్ చర్చి ఆవరణ నిండిపోయినా, ఫిబ్రవరి 11న గుణదల కొండ జనంతో కిక్కిరిసినా పత్రికలవారికి వచ్చినవారందరూ భక్తులే. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన తల్లి భక్తురాలు, బొమ్మ కొనిపించుకుందామని ఆమె కొంగు పట్టుకొని వచ్చిన పిల్లవాడు భక్తుడు, ఫోటో దిగి పోదామని వచ్చిన యువకుడూ భక్తుడే.

మన గుడిలోకి వస్తే మాట మారుతుంది. పీఠం దగ్గర నిలబడిన గురువు "ప్రియ విశ్వాసులారా" అంటాడు. సువిశేషం తెరిస్తే అందులో "శిష్యులు" ఉంటారు. మోకరించి ప్రార్థించేటప్పుడు మనల్ని మనం "నీ దాసులం" అని చెప్పుకుంటాం. పక్క వీధిలోని వేరే సంఘంవారు "ఫలానా ఆమె ఈ మధ్య విశ్వాసి అయింది" అంటారు. బాప్తిస్మం పుచ్చుకొని సంఘంలో చేరిందని వారి భావం.

భక్తుడు, విశ్వాసి, శిష్యుడు, దాసుడు. ఈ నాలుగు మాటలూ ఒకటేనా? ఆదివారం పూజకు వెళ్లివచ్చే మనం వీటిలో ఏ మాటకు తగినవాళ్లం? "ఏ పేరుతో పిలిస్తే ఏం ఫాదర్ గారూ, దేవుడు మనసు చూస్తాడు గదా" అని మీరు అనవచ్చు. నిజమే. అయితే మాటలు కూడా మన మనసును మనకు చూపిస్తాయి. పెద్దలు ఒక్కొక్క మాటలో ఒక్కొక్క అనుభవాన్ని దాచిపెట్టి పోయారు. ఈ వారం ఆ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

మొదట మొక్కు సంగతి. మన తెలంగాణ పల్లెల్లో దైవాన్ని తలిచేవారి నోట ముందుగా వచ్చే మాట ఇదే. పిల్లవానికి జ్వరం తగ్గితే, బోరులో నీళ్లు పడితే, కొడుకు గల్ఫు నుంచి క్షేమంగా తిరిగివస్తే ఫలానాది చేస్తామని మొక్కుకుంటారు. మన కతోలిక కుటుంబాలలోనూ మరియతల్లికి మొక్కుకోని ఇల్లు అరుదు. మొక్కులో తప్పులేదు. పూర్వ నిబంధనలో అన్నమ్మ కన్నీటితో మొక్కుకొని సమూయేలును కన్నది, మాట తప్పక ఆ బిడ్డను దేవాలయానికి అప్పగించింది. లతీను భాషలో భక్తుణ్ణి సూచించే 'దెవోతుస్' అనే మాట కూడా మొక్కు అనే అర్థమున్న మాటలోనుంచే పుట్టింది. మొక్కుబడిలో తన్నుతాను సమర్పించుకున్నవాడు అని దాని అర్థం. 13వ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాసు గారు భక్తి అంటే ఏమిటో నిర్వచిస్తూ కన్నీళ్లనూ పులకరింతనూ ముందు పెట్టలేదు. దేవుని సేవకు తన్నుతాను వెంటనే ఇచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న సంకల్పమే భక్తి అన్నారు.

కాని మన భాష ఈ మొక్కును ఏం చేసిందో గమనించారా? "వాడు పని మొక్కుబడిగా చేశాడు" అంటాం. మనసు పెట్టకుండా, ఏదో అయిందనిపించడానికి చేశాడని అర్థం. ఈ అర్థాన్ని ఏ పండితుడూ కూర్చొని నిర్ణయించలేదు. తరతరాల జనం చూసి చూసి ఈ మాటకు ఈ అర్థం కట్టబెట్టారు. దేవునితో మొక్కుకున్నవాడు చివరకు బాకీ తీర్చినట్టు తీర్చి, చేతులు దులుపుకొని వెళ్లిపోవడం వారు చూశారు. అప్పు తీరిన తరువాత షావుకారు ఇంటికి మళ్లీ ఎవరు పోతారు? మొక్కుతో మొదలైన సంబంధం మొక్కు తీరడంతోనే ముగిసిపోతే, అది మొక్కుబడిగానే మిగులుతుంది.

రెండవ మాట దాసుడు. ఇది మన నేలమీద ఎంతో గౌరవం పొందిన మాట. 17వ శతాబ్దంలో భద్రాచల రాముని గుడి కట్టించి గోలకొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్నను లోకం రామదాసు అనే పేరుతోనే గుర్తుపెట్టుకుంది. సంక్రాంతి నెలలో తలమీద అక్షయపాత్రతో వీధిలో పాడుతూ వచ్చేవాడు హరిదాసు. మన సంప్రదాయంలోనూ అంతే. గబ్రియేలు దూతకు జవాబిస్తూ మరియతల్లి తన్ను ప్రభువు దాసిగా చెప్పుకొన్నది. రోమీయులకు రాసిన లేఖను పౌలు గారు తాను క్రీస్తు దాసుణ్ణన్న పరిచయంతోనే ఆరంభించారు. నేను అనే గర్వాన్ని వంచడానికి ఇంతకంటె మంచి మాట లేదు.

అయినా కడరా భోజనం రాత్రి ప్రభువు ఏం చేశాడు? ఇకమీదట మిమ్ములను దాసులని పిలువను, స్నేహితులని పిలుస్తాను అన్న భావంతో శిష్యులతో మాట్లాడాడు. యజమాని మనసులో ఏముందో దాసునికి తెలియదని కారణం కూడా చెప్పాడు. చెప్పిన పని చేయడమే దాసుని వంతు. ఎందుకో అతనికి తెలియదు, అడిగే చనువూ లేదు. కాబట్టి దాసుడనే మాట మనల్ని గడప వరకు తెస్తుంది. లోపలికి పిలిచే మాట వేరే ఉంది.

మూడవది విశ్వాసి. ఈ మాటలో శ్వాస ఉంది చూడండి. ఉచ్ఛ్వాస, నిశ్వాస అన్నట్టే విశ్వాస కూడా. ఏ భయమూ లేకుండా గుండెనిండా ఊపిరి తీసుకోవడం ఆ సంస్కృత ధాతువులోని మొదటి భావం. దానినుంచే నమ్మి నిశ్చింతగా ఉండడం అనే అర్థం వచ్చింది. మన కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతాలలో ఈ మాట అర్థం కానివారుండరు. ఎన్నో ఇండ్లలో మగవాళ్లు ఏండ్ల తరబడి గల్ఫు దేశాలలో కూలిపనికి పోయి ఉంటారు. వారం వారం రావలసిన ఫోను రాకపోతే ఆ ఇల్లాలికి ఊపిరి ఆడదు. ఫోను మోగి ఆ గొంతు వినిపించగానే "హమ్మయ్య" అని ఒక్క నిట్టూర్పు విడుస్తుంది. అతడు బాగానే ఉన్నాడు, మమ్మల్ని మరువలేదు అన్న ధైర్యం ఆ ఊపిరిలో ఉంటుంది. దేవుని విషయంలో అటువంటి ఊపిరి పీల్చుకోగలిగినవాడు విశ్వాసి. కేవలం దేవుడున్నాడని ఒప్పుకోవడం విశ్వాసం కాదు. ఆ మాత్రం దయ్యాలు కూడా నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అని యాకోబు గారు తన లేఖలో హెచ్చరించారు. దయ్యం నమ్ముతుంది గాని నిశ్చింతగా ఊపిరి పీల్చుకోలేదు. తేడా అక్కడే ఉంది.

నాలుగవది శిష్యుడు. ఇది శాసనం, శాస్త్రం అనే మాటలు పుట్టిన ధాతువునుంచే వచ్చింది. చెప్పించుకొనేవాడు, దిద్దించుకొనేవాడు శిష్యుడు. నూతన నిబంధనలో "క్రైస్తవుడు" అనే మాట కేవలం 3 చోట్ల కనిపిస్తుంది. "శిష్యుడు" అనే మాట సువిశేషాలలోనూ అపోస్తలుల కార్యములలోనూ కలిపి 200 సార్లకు పైగా వస్తుంది. అంతియొకయలో శిష్యులనే మొదటిసారి క్రైస్తవులని పిలిచారని అపోస్తలుల కార్యములు 11వ అధ్యాయం చెబుతుంది. అంటే ముందు శిష్యులయ్యారు, ఆ తరువాతనే క్రైస్తవులనే పేరు వచ్చింది. మన సంగతి తలకిందులు. పుట్టిన నెలకే జ్ఞానస్నానంతో క్రైస్తవులమయ్యాం. శిష్యులం ఇంకా కావలసే ఉంది. ఉపదేశి మన పిల్లవాణ్ణి గద్దిస్తే మనం ఉపదేశి మీదికి పోతాం. ప్రసంగంలో గురువు ఒక మాట గట్టిగా అంటే "ఎవరిని ఉద్దేశించి అన్నాడు" అని బయట ఆరా తీస్తాం. దిద్దించుకోవడం ఇష్టం లేనివాడు ఎన్ని ప్రసంగాలు విన్నా శ్రోత మాత్రమే.

మన ఇరుగుపొరుగువారి మాటలు కూడా ఒకసారి వినండి. ముస్లిం సోదరులు సూఫీ గురువు దగ్గర చేరినవాణ్ణి మురీదు అంటారు. ఆ అరబ్బీ మాటకు మనసారా కోరుకున్నవాడు అని అర్థం. మనకు పడమట ఉన్న కల్యాణంలో 12వ శతాబ్దంలో బసవేశ్వరుని చుట్టూ చేరినవారు తమను శరణులని చెప్పుకొన్నారు. శరణు చొచ్చినవారన్నమాట. మనిషి దైవం ముందు నిలబడిన తీరును ఒక్కొక్కరు ఒక్కొక్క వైపునుంచి చూశారు. వినడానికి మనకు ఏ నష్టమూ లేదు.

ఇక అసలు మాట, అందరికీ ఊరికే పంచిపెట్టే మాట, భక్తుడు. దీనికి మూలం భజ్ అనే ధాతువు. భజన అందులోనుంచే వచ్చిందని అందరికీ తెలుసు. కాని ఆ ధాతువుకు మొదటి అర్థం పాడడం కాదు, పంచుకోవడం. భాగం, భాగ్యం, విభాగం, విభజన, భాగస్వామి అన్నీ ఆ ఇంటి బిడ్డలే. బడిలో మనం వల్లెవేసిన విభక్తులు కూడా అక్కడివే. రెవెన్యూ కాగితాలలోనూ కోర్టు దస్తావేజులలోనూ కనిపించే "అవిభక్త కుటుంబం" అన్న మాట గుర్తుందా? పంపకాలు కాని కుటుంబం. అందులోని "భక్త", గుడిలోని "భక్త" ఒక్కటే. కాబట్టి భక్తుడంటే భాగస్తుడు. తన భాగం దేవునిలో ఉన్నవాడు, తనలో దేవునికి భాగం ఉన్నవాడు.

హైదరాబాదులో హెబ్రోను సంఘాన్ని స్థాపించి 2000లో కన్నుమూసిన బఖ్త్ సింగ్ గారి పేరును తెలుగువారు చాలామంది "భక్తసింగ్" అని పలుకుతారు. ఆ పేరులోని "బఖ్త్" పారశీక మాట, అదృష్టమని అర్థం. మరొక మాట అనుకొని అలా పలికినా ఆ పలుకులో అపచారం లేదు. ఆ పారశీక మాటా మన "భక్త"మూ పూర్వం ఒకే మూలంనుంచి వచ్చినవే. దేవుడు పంచి ఇచ్చిన వంతు అదృష్టం, ఆ వంతును అందుకున్నవాడు భక్తుడు.

మరొక అర్థం చూడండి. సంస్కృతంలో "భక్తం" అంటే వండిన అన్నం. హిందీవారి "భాత్" దానినుంచి వచ్చిందే. వండిన అన్నం ఒక్కరి కోసం కాదు, పంక్తిలో కూర్చున్న అందరికీ పంచవలసినది గనుక ఆ పేరు. దివ్యసత్ప్రసాదాన్ని నమ్మే మనకు ఇంతకంటె దగ్గరి మాట ఏముంటుంది? తన్నుతాను ఆహారంగా పంచిపెట్టిన ప్రభువు పంక్తిలో కూర్చున్నవాడు భక్తుడు. ఈ సందర్భంలో మెదక్ చర్చిని తలుచుకోవాలి. అది మన సోదర సంఘమైన దక్షిణ ఇండియా సంఘానికి చెందిన దేవాలయం. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కట్టించగా 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజులలో ఆకలిగొన్న జనానికి పని కల్పించి, పనికి తిండి పెట్టి ఆ నిర్మాణం సాగించారని ఈ ప్రాంతమంతా నేటికీ చెప్పుకుంటుంది. ఆ గోపురం ఎత్తు చూడడానికి వచ్చేవారు ఆ అన్నం సంగతి కూడా ఒకసారి తలుచుకుంటే మంచిది.

అక్కడినుంచి సుమారు 15 కిలోమీటర్లు ఎల్లారెడ్డి దారిలో వస్తే మా పోచారం చెరువు వస్తుంది. భక్తుడన్న మాటను ఆ కట్టమీద నిలబడి చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. మంజీరలో కలిసే ఆలేరు వాగుమీద నిజాం కాలంలో కట్టిన ఈ కట్ట 1922లో పూర్తయింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాలలో 10 వేలకు పైగా ఎకరాలు దీని ఆయకట్టు. అలుగు పారేటప్పుడు ఆదివారంనాడు అక్కడ ఎంత జనం! కార్లలో వస్తారు, తడుస్తారు, తిని పోతారు. చెరువును పొగిడేవారిలో వారే ముందు. ఆయకట్టు రైతు ఆ రోజు కట్టమీద కనిపించకపోవచ్చు. అతడు చెరువును పొగడడు కూడా. కాని అతని పొలంలోని ప్రతి గింజలోనూ ఆ నీళ్లుంటాయి. కాలువలో పూడిక పేరుకుంటే పార పట్టుకొని పోవలసినవాడు అతడు. నీళ్లు తక్కువైన యాసంగిలో తన మడి తడిసిన తరువాత కింది రైతు వంతుకు నీళ్లు వదలవలసినవాడూ అతడే.

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలమీద కురిసిన కుంభవృష్టికి ఈ నూరేండ్ల కట్టమీదికి భారీ వరద వచ్చింది. కట్ట పక్కన మట్టి కోసుకుపోయింది, అయినా కట్ట నిలిచింది. ఆ రాత్రి కంటిమీద కునుకు లేనిది ఎవరికి? ఫోటోలు దిగి వెళ్లినవారికి కాదు. ఆయకట్టువారికి, దిగువ గ్రామాలవారికి. భాగం ఉన్నచోటనే బాధ ఉంటుంది. గుడి గోడ బీటలు వారినా, పక్క వీధిలోని విధవరాలు పూజకు రావడం మానినా, యువకులు తాగుడుకు బానిసలైనా మనకు నిద్ర పడుతున్నదంటే, మనం శ్రీసభ అనే కట్టమీదికి ఆదివారం వచ్చిపోయే సందర్శకులమే గాని ఆయకట్టువాళ్లం కాదు.

ఇది నా సొంత కల్పన కాదు, శ్రీసభ బోధే. రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన దైవార్చన సంవిధానం దివ్యబలిపూజలో విశ్వాసులు పరాయివారివలె మౌనంగా చూస్తూ ఉండిపోరాదని, తెలిసి, చురుకుగా పాల్గొనాలని కోరింది. పాల్గొనడం అన్న తెలుగు మాటలో కూడా "పాలు" ఉంది, అంటే భాగం. 2021 నుంచి 2024 వరకు జరిగిన సినడు కోసం అప్పటి పోపు ఫ్రాన్సిస్ గారు ఇచ్చిన మూడు మాటలలో ఒకటి భాగస్వామ్యం. కడరా భోజనం రాత్రి పాదాలు కడిగించుకోనని మొండికేసిన పేతురుతో ప్రభువు ఏమన్నాడో యోహాను సువిశేషం 13వ అధ్యాయంలో చదవండి. కడగనివ్వకపోతే నాతో నీకు భాగమే ఉండదన్నాడు. పేతురు అప్పటికే శిష్యుడు, విశ్వాసి, ఎంతో ఉద్రేకం ఉన్న దాసుడు. భాగస్తుడు కావడానికి ఇంకొక్క మెట్టు మిగిలి ఉంది.

లూకా సువిశేషం 15వ అధ్యాయంలోని ఇద్దరు కొడుకుల కథను కూడా ఈ మాటల వెలుగులో చదివి చూడండి. చిన్నవాడు నా భాగం నాకిమ్మన్నాడు. పంచుకొని దూరదేశం పోయాడు. అతడు విభక్తుడు. భాగం చేతికి వచ్చింది గాని తండ్రితో పొత్తు పోయింది. డబ్బు అయిపోయాక, కూలివాడుగానైనా పెట్టుకొమ్మని అడుగుదామని బయలుదేరాడు. అంటే దాసుడైతే చాలుననుకొన్నాడు. పెద్దవాడు ఇల్లు విడువలేదు, పొలం విడువలేదు, ఆజ్ఞ జవదాటలేదు. అయినా కోపం వచ్చినప్పుడు అతని నోటినుంచి ఏం వచ్చింది? ఇన్నేండ్లు నీకు దాసునిలా చాకిరీ చేశాను, ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అన్నాడు. ఇంట్లోనే ఉండి దాసుడైపోయాడు. పండుగ భోజనం ఉడుకుతున్న ఇంటి బయట నిలబడ్డాడు. తండ్రి చెప్పిన జవాబు ఒక్కటే. నాకున్నదంతా నీదే కదా అని. ఆ ఇంట్లో అవిభక్త కుటుంబం ఇంకా ఉంది, కొడుకులే దానిని మరిచారు. తండ్రికి కావలసింది తిరిగివచ్చిన కూలివాడు కాదు, చాకిరీ లెక్కపెట్టే దాసుడు కాదు. ఒకే పంక్తిలో కూర్చొని ఆ అన్నం పంచుకొనే ఇద్దరు కొడుకులు కావాలి. ఇద్దరు భక్తులు కావాలి. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో సువిశేషం చెప్పలేదు. ఆ జవాబు మన ఇండ్లలో మనమే చెప్పాలి.

మన ఇండ్ల సంగతే చూద్దాం. అన్నదమ్ములు పొలం పంచుకోవడం పాపం కాదు. పెరిగిన కుటుంబాలకు అది అవసరం కూడా. కాని గెట్టు దగ్గర జానెడు నేల కోసం మొదలైన మాట మాట పెరిగి, తల్లి చావుకు తప్ప ఒకరి గడప ఒకరు తొక్కని అన్నదమ్ములు మన విచారణలలో లేరా? ఇద్దరూ ఆదివారం పూజకు వస్తారు, చెరొక పక్క కూర్చుంటారు, ఒకే సత్ప్రసాదం నాలుకమీద పెట్టుకొని చెరొక దారిన పోతారు. వారిని భక్తులనాలా, విభక్తులనాలా? పీఠం దగ్గర కానుక పెట్టబోయే ముందు సోదరునితో తగవు గుర్తుకు వస్తే కానుకను అక్కడే వదిలి పొమ్మని ప్రభువు చెప్పిన మాట మత్తయి సువిశేషం 5వ అధ్యాయంలో అలాగే ఉంది. ఇంతవరకు ఎవరూ దానిని కొట్టివేయలేదు.

ఆడబిడ్డ సంగతి? తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకుకూ కూతురికీ సమాన భాగమే ఇస్తుంది. కాని కట్నం ఇచ్చాం గదా అని, పుట్టింటి రాకపోకలు పోతాయని భయపెట్టి, సంతకం పెట్టించుకొన్న అన్నదమ్ములున్నారు. చెల్లెలి భాగం తిని, ఆ డబ్బుతో యాత్రకు పోయి మరియతల్లికి పట్టుచీర సమర్పిస్తే ఆ తల్లి సంతోషిస్తుందా? భాగం ఎగ్గొట్టినవాడు భాగస్తుడెలా అవుతాడు?

ఇంకా కష్టమైన మాట ఒకటి చెప్పక తప్పదు. బసవేశ్వరుని శరణులు శివభక్తుడైతే చాలు, కులం అడగరాదని పట్టుబట్టారు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఎన్నో కులాల భక్తుల కథలను ఒకే గౌరవంతో తెలుగులో చెప్పాడు. అది మన తెలంగాణ నేలమీద పుట్టిన పుస్తకం. మరి ఒకే జ్ఞానస్నానం పొందిన మనం? గుడిలో ఒకే గిన్నెనుంచి క్రీస్తు శరీరం పుచ్చుకొని, అదే రోజు పెండ్లి పంక్తిలో ఎవరెక్కడ కూర్చోవాలో కులం చూసి నిర్ణయిస్తే దానిని ఏమనాలి? కొరింతు సంఘంలో ఉన్నవారు ముందుగా తిని తాగి, లేనివారు ఆకలితో చూస్తుంటే, అది ప్రభువు భోజనమే కాదని పౌలు గారు మొగమాటం లేకుండా రాశారు. ఆయన ఈనాడు మన పెండ్లి పందిళ్లకు వస్తే ఇంకేం రాస్తారో ఆలోచించండి. "భక్తం" అన్నం. అన్నంలో పంక్తి విడదీసినవాడు భక్తుడన్న పేరు పెట్టుకోజాలడు.

ఇదంతా విని "మాకు అంతటి భక్తి ఎక్కడిది, సంసారులం" అని వెనక్కి పోకండి. భక్తి సన్యాసుల సొత్తు కాదని 1609లో తన పుస్తకంలో నొక్కిచెప్పినవారు మేత్రాణులైన పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ గారు. సైనికునికి, పనివానికి, పెండ్లయిన స్త్రీకి ఎవరి స్థితికి తగిన భక్తి వారికుందని, ఎవరి పనిని అది చెడగొట్టక ఇంకా అందంగా చేస్తుందని ఆయన బోధ. బీడీలు చుట్టే తల్లికి రోజంతా మోకరించే తీరిక ఉండదు. తన కూలిలో ఒక భాగం పక్కింటి రోగికి పాలు కొనడానికి తీసిపెట్టే మనసుంటే చాలు. ఆటో నడిపేవానికి నవదిన ప్రార్థనలన్నీ కుదరకపోవచ్చు. నిండు గర్భిణిని ఆస్పత్రికి చేర్చి కిరాయి అడగకపోతే ఆ రోజు అతడు దేవునితో పాలు పంచుకున్నట్టే.

కాబట్టి ప్రియులారా, ఈ మాటలలో ఒకటి ఉంచుకొని మిగిలినవి పారవేయమని నేను అనడం లేదు. మొక్కుకోండి, కాని మొక్కుబడిగా కాదు. దాసులుగా తలవంచండి, కాని చాకిరీ లెక్క రాయకండి. విశ్వాసులుగా గుండెనిండా ఊపిరి పీల్చుకోండి. శిష్యులుగా దిద్దించుకోండి. ఈ నాలుగూ కలిసి మనల్ని తీసుకుపోవలసిన చోటు ఒకటుంది, అది తండ్రి ఇంటి పంక్తి. అక్కడ మన పేరు భక్తులు.

మన పెద్దలు క్రైస్తవ సంఘానికి "విచారణ" అని ఎంత చక్కటి పేరు పెట్టారు! ఒకరి మంచిచెడ్డలు ఒకరు విచారించుకొనే చోటు అది. ఈ వారం ప్రతి కుటుంబం జపమాల అయిన తరువాత ఒక్క ప్రశ్న వేసుకోవాలని నా కోరిక. మన దగ్గర ఎవరి భాగం ఉండిపోయింది? అది నేల కావచ్చు, డబ్బు కావచ్చు, కాలువలోని నీళ్ల వంతు కావచ్చు, రావలసిన క్షమాపణ కావచ్చు, చాలాకాలంగా ఆగిపోయిన ఒక పలకరింపు కావచ్చు. జవాబు దొరికిన ఇంట్లో పెద్దవారు ముందుగా లేవాలి. చిన్నవారు వచ్చి అడిగేదాకా కూర్చోకూడదు. ఆ కథలో తండ్రి పరుగెత్తుకొని వెళ్లాడు, పైగా ఆయన ముసలివాడు.

తన శరీరరక్తాలలో మనకు భాగమిచ్చిన ప్రభువు, మన భాగాలను ఒకరితో ఒకరు పంచుకొనే మనసు కూడా మనకు ప్రసాదించునుగాక. మరియతల్లి మన కుటుంబాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టునుగాక. ఆమెన్.